నిషి-కసాయ్‌లో పొద్దున్నే రైలెక్కడం

టోక్యోలో ఉద్యోగం ఖాయమైందని ఫోన్ చేసే మనవాళ్లు ఆ వెంటనే అడిగేది ఇల్లెక్కడ చూసుకోవాలని. ఎవరిని అడిగినా నిషి-కసాయ్ అనే చెబుతారు. ఇండియన్ కొట్లు ఉన్నాయి, పిల్లలకి ఇండియన్ స్కూలుంది, లిఫ్టు ఎక్కితే తెలుగు వినపడుతుంది. ఇవన్నీ నిజమే గానీ వీటన్నిటికీ మూలం ఆ స్టేషనే. తోజాయ్ అనే సబ్‌వే లైన్‌లో ఇక్కడ ఎక్కితే కయాబాచో, నిహొంబాషి, ఒతేమాచి వరసగా వచ్చేస్తాయి, ఎక్కడా బండి మారక్కర్లేదు, అటూ ఇటుగా పావుగంట. బ్యాంకులూ, షేర్ల కంపెనీలూ, వాటికి సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులూ చాలావరకు ఆ చుట్టుపక్కలే. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుగా లెక్కేస్తాయన్న వై2కె గొడవ రోజుల్లో వచ్చిన మన ఇంజనీర్లు అందుకే ఇటు చేరారు. విదేశీయులంటే ఇంటి ఓనర్లు జంకే కాలం అది. 1978లోనే జపాన్ వచ్చి ఇక్కడ టీ వ్యాపారంలో స్థిరపడిన జగ్‌మోహన్ చంద్రాణి గారు వాళ్లకి అండగా నిలబడ్డారు. గ్యారంటర్‌నీ, ఓనరుకి ముందే ఇచ్చే, తిరిగిరాని కీ మనీనీ అడగని యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ అపార్టుమెంట్లు దగ్గర్లోనే ఉండటం కలిసొచ్చింది. 2019లో ఇదే ఎదోగావా వార్డు కౌన్సిల్‌కి ఇండియాలో పుట్టిన యోగేంద్ర పురాణిక్ గారు ఎన్నికయ్యారంటే ఇక్కడ మనవాళ్లు ఎంతగా వేళ్లూనుకున్నారో ఊహించుకోవచ్చు.

ఇంత మంచి స్టేషన్‌లో పొద్దున పూట రైలెక్కడం గురించి మాత్రం కొత్తవాళ్లకి ఎవరూ సరిగ్గా చెప్పరు.

ఏడున్నర దాటితే ప్లాట్‌ఫాం నిండిపోతుంది. తలుపు ఎక్కడ ఆగుతుందో నేల మీద గీతలుంటాయి, ఆ గీతల వెంబడే జనం నిలబడతారు, దిగేవాళ్లు దిగేదాకా ఎవరూ కదలరు. బ్యాక్‌ప్యాక్ వీపు మీంచి తీసి ముందుకు వేసుకుంటారు. వచ్చే రైలు అప్పటికే ఫునబాషి, గ్యోతోకు, ఉరయాసు మీదుగా నిండి వస్తుంది కాబట్టి సీటు ఆశ పెట్టుకోకూడదు. లోపలికి అడుగుపెట్టేటప్పుడు కొంతమంది వెనక్కి తిరిగి వీపుతో ఎక్కుతారు, తలుపు పైన ఉన్న పట్టీని చేత్తో ఆనించుకుని ఒళ్లు లోపలికి నెట్టుకుంటారు. మొదట్లో వింతగా ఉంటుంది గానీ ఎదుటివాళ్ల మొహంలో మొహం పెట్టకుండా ఎక్కాలంటే అదే పద్ధతి. బయటికి వేలాడే కోటు అంచుని స్టేషన్ ఉద్యోగి లోపలికి సర్ది, అంతా సరిగ్గా ఉందని వేలితో చూపించి పైకే చెప్పుకుని, చేతిలో సిగ్నల్ ఎత్తుతాడు, తలుపు మూసుకుంటుంది.

అంత హడావిడిలోనూ నేను మర్చిపోలేనిది ఒకటుంది. వీల్‌చెయిర్‌లో ఒక పెద్దాయన వచ్చాడు. ఉద్యోగి మడత పలక ఒకటి చంకలో పెట్టుకుని ఆయన పక్కనే నడిచాడు, రైలు ఆగగానే పలకని తలుపు దగ్గర వేసి ఆయన్ని లోపలికి చేర్చాడు, లోపలివాళ్లు ఆ ఇరుకులోనే ఎలాగో చోటిచ్చారు. ఆయన నిహొంబాషిలో దిగాడు, నేనూ అక్కడే. సరిగ్గా అదే తలుపు ముందు ఇంకో ఉద్యోగి పలక పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇక్కడినుంచి ఫోన్ చేసి ఏ బండి, ఎన్నో పెట్టె, ఎన్నో తలుపు అన్నది ముందే చెప్పేస్తారట. మన ఊళ్లలో వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషి పొద్దున ఎనిమిదింటికి ఒక్కడే ఆఫీసుకి వెళ్లగలడా అని ఆ రోజంతా ఆలోచిస్తూనే ఉన్నాను. జపాన్‌లో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించింది ఇదే.

సబ్‌వే అన్న మాటేగానీ మా దగ్గర రైలు ఎత్తులో వంతెనల మీద నడుస్తుంది. స్టేషన్ దాటగానే అరకావా నది, దాని మీద కిలోమీటరుకి పైగా పొడవున్న వంతెన, అవతల మినామి-సునామాచి దగ్గర భూమిలోకి దిగుతుంది. చలికాలంలో ఆకాశం శుభ్రంగా ఉంటే వంతెన మీంచి ఫుజి కొండ కనపడుతుంది, చేయి కదిపే వీల్లేని పెట్టెలో కూడా కొన్ని తలలు అటు తిరుగుతాయి. గాలి గట్టిగా వీస్తే మాత్రం టెన్షన్ మొదలవుతుంది, బండ్లు నెమ్మదిస్తాయి, ఒక్కోసారి ఆపేస్తారు. 1978 ఫిబ్రవరిలో సుడిగాలికి ఈ వంతెన మీదే రైలు పెట్టెలు బోల్తా పడ్డాయి, అది తెలిశాక ఆలస్యమైనా విసుక్కోబుద్ధి కాదు. అయిదు నిమిషాలు ఆలస్యమైనా స్టేషన్‌లో చీటీ ఇస్తారు, అది ఆఫీసులో చూపిస్తే చాలు.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి, కొన్ని స్టేషన్లలోనే ఆగే రాపిడ్ బండి ఇక్కడ ఆగదు, తోయోచో దాటితే మళ్లీ ఉరయాసులోనే. ఇంకోటి ఫోన్. రైల్లో ఎవరూ మాట్లాడరు. మనకీ ఇండియాకీ మూడున్నర గంటల తేడా, నేను రాత్రి ఎనిమిదింటికి రైల్లో ఉంటే అక్కడ సాయంత్రం నాలుగున్నర, అమ్మ కాఫీ తాగి తీరిగ్గా ఫోన్ చేసే వేళ. కట్ చేస్తే "ఏంట్రా, అమ్మ ఫోన్ కూడా ఎత్తవా" అంటుంది. దిగి స్టేషన్ ముందుకొచ్చాక అక్కడే ఒక పక్కన నిలబడి మాట్లాడతాను. నాలాగే ఇంకో నలుగురు, ఒకరు హిందీలో, ఒకరు తమిళంలో, గుంటూరు యాసలో ఇంకొకాయన కరివేపాకు దొరికిందా లేదా అని ఇంట్లోవాళ్లతో.

ఇప్పుడు రద్దీ మాటకొస్తా. దీనికి ఇక్కడ ప్రభుత్వమే కొలత పెట్టింది. సీట్లో కూర్చున్నవాళ్లు పోగా మిగతావాళ్లకి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికితే అది 100 శాతం. ఒళ్లూ ఒళ్లూ ఒరుసుకుని గట్టిగా నొక్కుకుపోతూ, ఎలాగో పత్రిక చదువుకోగలిగితే 200. మా లైన్‌లో కిబా, మోంజెన్-నకాచోల మధ్య పొద్దున పూట 2018 లెక్క 199. అప్పట్లో టోక్యో చుట్టుపక్కల అదే అత్యధికం. రైల్వే వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2010లో 1.8 మీటర్ల వెడల్పు తలుపులున్న బండ్లు తెచ్చారు, జనం త్వరగా ఎక్కి దిగాలని. మినామి-సునామాచిలో ఇంకో ప్లాట్‌ఫాం కడుతున్నారు, ఇంకో వరస పట్టాలు వేస్తున్నారు, ఎందుకంటే ముందు బండి కదిలేదాకా వెనక బండి ఆగాలి, అక్కడ పోయే సెకన్లే పోగుపడి లైనంతా ఆలస్యమవుతుంది. ఆ పని కోసం 2024 మే నెలలో ఒక శనాదివారాలు తోయోచో నుంచి మా స్టేషన్ దాకా రైళ్లే ఆపేశారు. 2019 జనవరిలో అయితే పెందలాడే వెళ్లేవాళ్ల సంఖ్య అనుకున్నంత పెరిగితే సోబా నూడుల్స్, టెంపురా అనే వేపుడు ఉచితంగా పెడతామని కూడా ప్రకటించారు.

ఇన్ని చేసినా పెద్దగా దిగని ఆ అంకె 2020లో 123కి పడిపోయింది. కొత్త పట్టాలు వేసి కాదు, కరోనా వల్ల ఆఫీసులు ఇంటినుంచి పనికి ఒప్పుకున్నాయి కాబట్టి. తర్వాత మళ్లీ పెరిగి 150 దగ్గరికి వచ్చింది. అందుకే జపాన్ రైళ్లు టైముకి వస్తాయని మనవాళ్లు మెచ్చుకుంటుంటే నాకు సంతోషంగానే ఉంటుంది గానీ, ఆ టైముని నిలబెట్టడానికి రోజూ ఎంతమంది ఒళ్లు నలుగుతోందో కూడా చెప్పాలనిపిస్తుంది. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు పొద్దున ఆడవాళ్ల పెట్టెలోనే వెళ్లేది, అక్కడా ఊపిరాడనంత జనమే. బ్యాగుకి గర్భిణి అని తెలిపే బిళ్ల తగిలించుకున్నా, సీటు ఇవ్వాలన్న మనసున్నవాళ్లకి కూడా ఆ బిళ్ల కనపడాలి కదా! అప్పట్లో తను పనిచేసే చోట తొమ్మిదికి సీట్లో ఉండాల్సిందే అన్నారు. ఒక్క గంట వెసులుబాటు అడిగితే మిగతావాళ్లు ఏమనుకుంటారో అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కాబట్టి ఆఫర్ లెటర్ చేతికొచ్చాక జీతం, వీసాతో పాటు ఫ్లెక్స్ టైమ్ ఉందా, అంటే వచ్చే వేళ మనమే ఎంచుకోవచ్చా, అందరూ తప్పక ఉండాల్సిన కోర్ టైమ్ ఎన్నింటికి మొదలవుతుంది అని అడగండి. అడిగితే తప్పుగా అనుకుంటారేమోనని మనవాళ్లు మొహమాటపడతారు, పడొద్దు, చాలా కంపెనీల్లో ఇప్పుడిది మామూలు ప్రశ్నే. పది అంటే నిషి-కసాయ్‌లో హాయిగా ఇల్లు తీసుకోండి, తొమ్మిదిన్నరకి రైలెక్కితే కనీసం పట్టుకోవడానికి పిడి దొరుకుతుంది. తొమ్మిదే అంటే ఏడింటికల్లా ప్లాట్‌ఫాం మీద ఉండండి, ఒతేమాచిలో దిగి కాఫీ తాగి తీరిగ్గా పనిలోకి వెళ్లొచ్చు. ఇంట్లో గర్భిణులో చంటిపిల్లలో ఉంటే మాత్రం ఈ విషయం తేల్చుకున్నాకే సంతకం పెట్టండి.