పక్క కుట్లు విప్పించిన ఆదివారం

పొద్దున్నే నాలుగు పట్టు జాకెట్లు సంచీలో పెట్టుకుని ఎంవీపీ కాలనీలో టైలరమ్మ దగ్గరికి వెళ్ళాను. వచ్చే నెల సింహాచలంలో మేనకోడలి పెళ్ళి. నిన్న రాత్రి బీరువాలోంచి తీసి వేసుకుని చూస్తే ఒక్కదానికీ హుక్కులు పట్టలేదు.

ఆవిడ ఏమీ అడగలేదు. బరువు తగ్గడానికి నేను కడుపు ఆపరేషన్ చేయించుకోకముందు నుంచీ నా కొలతలు ఆవిడ చేతిలోనే ఉన్నాయి. నెమలికంఠం రంగు జాకెట్టు తిరగేసి లోపలి అంచు వేలితో తడిమి చూసింది. గుడ్డ చివరికి దగ్గరగా మొదటి కుట్టు. దారం ఎప్పుడో పీకేసినా సూది బెజ్జాలు వరసగా కనిపిస్తూనే ఉన్నాయి. దాని పక్కన బరువు తగ్గుతున్నప్పుడు వేసిన కుట్టు, ఇంకా లోపలికి బాగా సన్నబడ్డాక వేసింది. వెలుతురు తగలని ఆ మడతలో పట్టు ఇప్పటికీ కొత్తగా మెరుస్తోంది. ఆవిడ బ్లేడుతో లోపలి కుట్టు కోసేసి, నాకు టేపు చుట్టి చూసి, సుద్దముక్కతో గీత గీసింది. "పాత కుట్టు దాకా అక్కర్లేదమ్మా, ఈ మధ్యలో వేస్తే సరిపోద్ది. గుడ్డ ఇంకా ఉంది" అంది. పాత బెజ్జాలకీ సుద్దగీతకీ మధ్య రెండు వేళ్ళ వెడల్పు మిగిలింది.

ఆ రెండు వేళ్ళ మేర నాకెంత ముఖ్యమో ఎవరికీ చెప్పి ఒప్పించలేకపోతున్నాను.

2015లో ఆపరేషన్ బల్ల ఎక్కేనాటికి నా బరువు 116 కిలోలు. రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సి 9 దాటింది. రాత్రిళ్ళు నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేదాన్ని. 2017కి 72కి వచ్చాను. ఇప్పుడు 88. తిరిగొచ్చిన 16 కిలోలే అందరి కళ్ళకీ ఆనతాయి. పోయిన 28 కిలోలు పోయాయి కాబట్టి ఎవరికీ కనబడవు. విజయనగరం నుంచి పెద్దమ్మ ఫోన్ చేసి, "ఏటే అమ్మీ, మళ్ళీ ఒళ్ళు చేసేసావంట? అంత డబ్బెట్టి కోయించుకుని ఏటి లాభం?" అంది. ప్రేమకొద్దీ అన్నదే. అయినా ఆ పూట అన్నం సయించలేదు.

నాకు చేసింది స్లీవ్. కడుపులో 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేసి, సన్నటి గొట్టంలా కొంత భాగం మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా కడుపు పైభాగంలోనే తయారవుతుంది. ఆ భాగం పోవడంతో అదీ పడిపోతుంది. మొదటి ఏడాది నాకు ఆకలంటే ఏమిటో తెలియలేదు. ఒక ఇడ్లీ తింటే చాలనిపించేది. "ఎంత నోరు కట్టుకుంటోందో చూడండి" అని బంధువులంతా మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు చెందాల్సింది కాదు, నా ఒంట్లో తగ్గిన హార్మోన్‌ది. అలాంటప్పుడు ఆకలి తిరిగొచ్చాక పడిన నింద మాత్రం నాదెలా అవుతుంది? ఈ మాట ఎన్నాళ్ళుగానో గొంతులో ఉంది, ఇవాళ ఇక్కడ రాసుకుంటున్నాను.

బరువు తగ్గిన ఒళ్ళు ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చు పెట్టే శక్తిని బాగా తగ్గించేసుకుంటుంది. మొదటి నుంచీ అంతే బరువున్న మనిషికి ఖర్చయ్యేదానికన్నా కూడా తక్కువ. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గొట్టమూ కాస్త సాగుతుంది. వీటికి తోడు నాకు నెలసరి ఆగింది, కండ తగ్గింది. ఇవన్నీ తెలియనివాళ్ళు నోరు కట్టుకోమంటే సరే అనుకోవచ్చు. కానీ ఒక క్లినిక్‌లో తెల్లకోటు వేసుకున్న మనిషే నా ఫైలు కూడా తెరవకుండా ఆ మాట అంది. ఆ తర్వాత చాలాకాలం నేను ఏ డాక్టరు గుమ్మమూ తొక్కలేదు. బీపీ మాత్ర పనిచేయకపోతే డోసు మారుస్తారు, ఇంకో మాత్ర కలుపుతారు, రోగిని ఎవరూ తిట్టరు. ఊబకాయమూ అలా ఏళ్ళ తరబడి చూసుకోవాల్సిన జబ్బే.

ఇప్పుడు చూపించుకుంటున్న డాక్టరుగారు కిందటి వారం ముప్పావుగంట మాట్లాడారు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి సాగించిన అధ్యయనం గురించి చెప్పారు. అందులో బైపాస్ (గుండెది కాదు, కడుపుని చిన్నది చేసి పేగుకి కలిపే ఆపరేషన్) చేయించుకున్నవాళ్ళు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గి, పదేళ్ళు గడిచేసరికి 25 శాతం దగ్గర నిలిచారట. అంటే వాళ్ళకీ కొంత తిరిగొచ్చింది. అయినా అన్ని రకాల ఆపరేషన్లవాళ్ళనీ కలిపి చూస్తే, చేయించుకోనివాళ్ళకన్నా మరణాలు తక్కువ. నాది వేరే రకం ఆపరేషన్. అయినా ఇంటికొచ్చి లెక్కవేసుకుంటే నాది 24 శాతం. కాగితం మీద ఆ అంకె చూశాక గుండె తేలికపడింది.

నిన్న ఫోన్‌కి రిపోర్టు వచ్చింది. హెచ్‌బీఏ1సి 6.1, షుగరు మాత్ర లేకుండా. బీ12 మాత్రం బాగా తక్కువ, ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి. ఈ ఆపరేషన్ అయినవాళ్ళు బీ12, ఐరన్, విటమిన్ డి జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి. డాక్టరుగారు టిర్జెపటైడ్ అనే మందు సంగతి కూడా ఎత్తారు, ఆకలినీ బరువునీ తగ్గించే వారానికో ఇంజెక్షన్. మన దేశంలో 2025 మార్చి నుంచి మౌంజారో పేరుతో దొరుకుతోంది. నెలకి వేలల్లో ఖర్చు, మానేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది. మావారు "నీకు మంచిదైతే డబ్బు సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. ముందు బీ12 సరిచేసుకుని, ప్రొటీన్ పెంచి, అప్పుడు తేల్చుకుంటాను.

మధ్యాహ్నం కానాగంతల పులుసు పెట్టాను. కంచంలో ముందు చేప, తర్వాత బీరకాయ కూర, చివర్లో అన్నం. నీళ్ళు అరగంట ఆగాకే. చేప ముక్క నిదానంగా నమిలితే ఈ చిన్న కడుపు తొందరగా నిండుతుంది, చాలాసేపు నిండుగా ఉంటుంది. టీలో ముంచిన బిస్కెట్టు, చెగోడీలు, ఐస్‌క్రీమ్ అయితే ఎన్ని తిన్నా అడ్డం లేకుండా జారిపోతాయి. కడుపు కోశాక కూడా బరువు ఎలా పెరుగుతుందని అడిగేవాళ్ళకి ఇదొక జవాబు. రోజుకి 60 గ్రాముల ప్రొటీన్‌కి తగ్గొద్దన్నారు. గుడ్డుకి 6 గ్రాముల చొప్పున లెక్క కట్టుకుంటే అదెంత కష్టమో అర్థమవుతుంది. పప్పు, పెరుగు, సెనగలు, చేప, ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాల్సిందే.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దాటి నడుస్తుంటే మా అపార్ట్‌మెంట్ ఆవిడ ఎదురైంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, గొంతు తగ్గించి అడిగింది. "మా అమ్మాయికి చేయిద్దామనుకుంటున్నామండీ. షుగరు కూడా వచ్చేసింది. కానీ మళ్ళీ పెరిగిపోతారట కదా?" అలా అంటూ నా వైపు చూసి తల దించుకుంది. నాకు కోపం రాలేదు. కన్నతల్లి, నన్ను కాక ఎవరిని అడుగుతుంది?

గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. మళ్ళీ చేయించుకోవాల్సి వస్తే చేయించుకుంటాను వదినా అన్నాను. ఆ 116 కిలోలతో ఇన్నేళ్ళు బతికి ఉండేదాన్నని నాకు నమ్మకం లేదు. కానీ ఆపరేషన్ రోజు ఎవరు కత్తి పడతారన్నది ఒక్కటే అడిగి ఊరుకోవద్దన్నాను. అయిదో ఏడు, పదో ఏడు ఎవరు చూస్తారు, డైటీషియన్ ఎన్నాళ్ళు అందుబాటులో ఉంటారు, బరువు తిరిగొస్తే తర్వాత ఏం చేస్తారు, ఇవన్నీ ముందే అడగమన్నాను. ఛాతీలో మంట ఉంటే స్లీవ్ తర్వాత అది ఎక్కువ కావచ్చు, బైపాస్ మేలా అని కూడా అడగమన్నాను. ఇంకోటి, కొంత బరువు తిరిగొచ్చిన రోజు అమ్మాయిని ఎవరూ ఏమీ అనకుండా చూసుకోమన్నాను. ఆ మాటకి ఆవిడ కళ్ళు తుడుచుకుంది, నావీ చెమర్చాయి.

రేపు సాయంత్రం కూతురిని తీసుకొస్తానంది. పడుకోబోయే ముందు 2014 నుంచి ఉన్న నా రిపోర్టులన్నీ తీసి తేదీల వరసలో ఫైల్లో సర్దాను. బరువు తగ్గినప్పటివీ పెరిగినప్పటివీ అన్నీ ఉన్నాయి. ఆ పిల్లకి అన్నీ చూపిస్తాను.