పీతల కంచె దగ్గర

ఫిబ్రవరి చివరి వారంలో నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు వైపు వెళ్తుంటే, వరిచేలు ఎక్కడ ఆగిపోయి రొయ్యల గుంటలు ఎక్కడ మొదలవుతాయో కంటికంటే ముందు ముక్కు పసిగట్టింది. పచ్చివరి వాసన పోయి ఉప్పూ బ్లీచింగూ కలిసిన గాలి తగిలింది.

మా మేనమామ గుంట గట్టు నేను ఎక్కబోతుంటే కాపలా కుర్రవాడు ఆపి, "అన్నా, చెప్పులు ఆడనే విడిచి, ఈ నీళ్ళలో కాళ్ళు ముంచి రాండి" అన్నాడు. తొట్టిలో పర్మాంగనేటు కలిపిన ఊదారంగు నీళ్ళున్నాయి. గట్టు చుట్టూ పీతలు పాకి రాకుండా ప్లాస్టిక్ పట్టా, పైన కాకులు, కొంగలు వాలకుండా బారులు తీర్చిన దారాలు. రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్ పీత ఒంట్లో రోగమేమీ చూపకుండానే ఉండగలదు. ఒక గుంటలో చచ్చిన రొయ్యను కాకి ఎత్తుకెళ్ళి పక్క గుంటలో జారవిడిచినా చాలు. మనిషికి ఏ హానీ చేయని ఆ వైరస్ గుంటలోని రొయ్యలన్నిటినీ వారం పది రోజుల్లో తుడిచిపెట్టగలదు. 1994లో అది మన దేశపు టైగర్ రొయ్యల మీద పడ్డాక, ఆ నష్టాల్లోనే మామ రెండెకరాల మాగాణి అమ్ముకున్నాడు.

ఇప్పుడు ఆయన పెంచుతున్న వనామి రకం రొయ్య ఈ నేలది కాదు, మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరానిది. 2009లో దాని పెంపకానికి అనుమతి వచ్చింది. విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలు చెన్నై దగ్గర నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో విడిగా ఉండి, పరీక్షల్లో నెగ్గాకే రొయ్యపిల్లలను పుట్టించే హేచరీలకు చేరతాయి. 2020లో మన ఇళ్ళలో మనమే ఆ ఎడబాటును అనుభవించాం కాబట్టి, ఇంత జాగ్రత్త నాకు అతిగా తోచలేదు, గౌరవమే కలిగింది.

నన్ను బాధపెట్టింది గట్టుకు అవతలి వైపు. పెన్నా నీళ్ళతో పండే పక్క చేలో, గుంటను ఆనుకున్న రెండు మూడు సాళ్ళ వరి కొసలు ఎండి గిడసబారి ఉంది. ఊళ్ళో బోరు నీళ్ళు నోట పెట్టలేనంత ఉప్పెక్కడంతో తాగడానికి క్యాన్లు కొంటున్నారు. లోపలికి ఏదీ రాకూడదని ఇంత కట్టుదిట్టం చేసినవాళ్ళం, లోపలి నుంచి ఊటగా దిగిపోయే ఉప్పు గురించి ఎందుకు ఆలోచించలేదని మామను అడిగాను. ఆయన చాలాసేపు ఆ చేను వైపే చూసి, "పీతకు కంచె వేశా అబ్బయ్యా, ఉప్పుకు ఏం వేసేది?" అన్నాడు.

రాత్రి అత్త బకింగ్‌హాం కాలువలో పట్టిన పీతలతో చింతపండు పులుసు చేసింది. గట్టు మీద కనబడితే తరిమికొట్టే జీవిని మేమందరం చేతులారా ఒలుచుకొని ఇష్టంగా తిన్నాం. తిన్నాక ఆమె పెంకులను ఒక్కటీ వదలకుండా సంచిలో కట్టి, గుంటల దిక్కు కాకుండా రోడ్డుకు అవతల కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీయించి పూడ్పించింది.