కొలిమిలో గాజు పోత: అయిదు సెంటీమీటర్ల దిమ్మలో తొలిచిన ముఖం

ఈ విడత పనికి పెట్టుకున్న లక్ష్యం ఒక్కటే. అయిదు సెంటీమీటర్ల మందమున్న గాజు దిమ్మకు వెనకవైపు ముఖాకారంలో ఒక గుంట ఉండాలి. ముందువైపు నునుపైన సమతలం నుంచి చూసినప్పుడు ఆ ముఖం గాజు లోపల నిలబడి వెలుగు పట్టుకోవాలి. ఇంతకుముందు చేసినవన్నీ పాతిక మిల్లీమీటర్లకు లోపు మందమున్న పలకలే కాబట్టి రంగు ఎంపిక, అచ్చు, చల్లార్చే పద్ధతి మూడింటినీ మళ్ళీ మొదటి నుంచి ఆలోచించవలసి వచ్చింది. సియాటిల్ పరిసరాల్లో ఇంటి గ్యారేజీలో 240 వోల్టుల విద్యుత్ కొలిమి పెట్టుకుని ఈ పని చేస్తున్నాను. చిన్న కొలిమితో మందమైన గాజు పోయాలనుకునే తెలుగువారికి లెక్కలతో సహా ఉపయోగపడాలని వివరంగా రాస్తున్నాను.

ఈ ఆలోచనకు మూలం చెక్ దంపతులు స్టానిస్లావ్ లిబెన్‌స్కీ, యరోస్లావా బ్రిఖ్తోవాల శిల్పాలు. 1954లో లిబెన్‌స్కీ జెలెజ్నీ బ్రోద్ అనే చిన్న పట్టణంలోని గాజు పాఠశాలకు అధిపతిగా వచ్చారు. అక్కడి గాజు కర్మాగారంలో వాస్తుశిల్పానికి పనికివచ్చే గాజు విభాగాన్ని నడుపుతున్న బ్రిఖ్తోవా, ఆయన గీసిన తల ఆకారపు పాత్ర బొమ్మను చూసి, దానిని గాజులో పోస్తానని అడిగారు. అలా మొదలైన ఉమ్మడి పని లిబెన్‌స్కీ 2002లో మరణించేవరకు సాగింది. ఆయన కాగితం మీద ఆకారాన్ని, వెలుగునీడలను నిర్ణయించేవారు. ఆమె దాన్ని మట్టిలో మలచి, అచ్చు తీసి, పోత పనిని నడిపించేవారు. 1958 బ్రసెల్స్ ప్రదర్శనలో వారి పోతగాజు దిమ్మలు ప్రపంచం దృష్టికి వచ్చాయి. అమెరికాలో గాజును కళాకారుడి సొంత కార్యశాలకు తెచ్చిన ప్రయత్నం, అంటే హార్వే లిటిల్‌టన్ టొలీడో మ్యూజియంలో నిర్వహించిన శిక్షణ శిబిరాలు, 1962లో గాని మొదలుకాలేదు. పైగా ఆ ఉద్యమం ప్రధానంగా ఊదిన గాజు చుట్టూ తిరిగింది. ఊదడంలో చేతి వేగం, ఆ క్షణపు నిర్ణయం ముఖ్యం. పోతలో నిర్ణయాలన్నీ ముందే జరిగిపోతాయి, ఆ తరువాత రోజుల తరబడి వేచి ఉండాలి. వారాంతాల్లో మాత్రమే పనిచేసుకునే నాలాంటివారికి రెండోది ఎక్కువ అనుకూలమని నా అభిప్రాయం.

వారి శిల్పాల్లో నన్ను పట్టుకున్నది రంగుకూ మందానికీ ఉన్న సంబంధం. మొత్తం దిమ్మ ఒకే రంగు గాజే అయినా, పలుచనైన చోట అది దాదాపు నీళ్ళలా తేలిపోతుంది, మందమైన చోట గాఢమై నలుపుకు దగ్గరవుతుంది. అంటే వెనకవైపు ఎంత లోతుగా తొలిస్తే అక్కడ అంత వెలుగు వస్తుంది. శిల్పి ఇక్కడ చెక్కుతున్నది గాజును కాదు, అందులోకి దిగే వెలుగును. అమెరికాలోని కార్నింగ్ గాజు మ్యూజియంలో ఉన్న 1993 నాటి ఎర్రని పిరమిడ్ శిల్పం ఛాయాచిత్రాలను ఎన్నిసార్లు చూసినా ఈ విషయమే కొత్తగా అర్థమవుతూ ఉంటుంది.

రంగు ఎంచుకోవడానికి ముందు మెట్ల పలకలు పోశాను: ఒక్కో పలకలో 6, 12, 25, 50 మిల్లీమీటర్ల మందంతో నాలుగు మెట్లు. కిటికీ పలకలకు తయారుచేసే మామూలు పారదర్శక రంగులు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందానికి సరిపోయేలా కలిపినవి కాబట్టి, 25 మిల్లీమీటర్ల మెట్టు దగ్గరే అవి మూసుకుపోయాయి. పోతకోసం ప్రత్యేకంగా చేసే లేత ఛాయల గాజు మాత్రమే 50 మిల్లీమీటర్ల వద్ద కూడా వెలుగును రానిచ్చింది. నియోడిమియం అనే లోహం కలిసిన లేత ఊదా గాజును కూడా పరీక్షించాను. బొహీమియాలో మోజర్ సంస్థ 1929లో అలెగ్జాండ్రిట్ పేరుతో ప్రసిద్ధం చేసిన గాజు ఈ కోవలోదే. పగటి వెలుతురులో ఊదాగా, ట్యూబులైటు కింద నీలంగా మారడం దాని సహజ గుణం. ముఖంలో వెలుగునీడల తేడాయే ముఖ్యమైన ఈ పనికి ఆ మార్పు అడ్డు వస్తుందనిపించి, స్థిరంగా ఉండే లేత బూడిద ఛాయను తీసుకున్నాను.

ముఖాన్ని మామూలుగానే, ఉబ్బెత్తుగా, బంకమన్నుతో పలక మీద మలిచాను. దాని చుట్టూ 15 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పుతో గోడలు కట్టి, కరిగించి కాస్త చల్లారనిచ్చిన మైనాన్ని ముఖం మీద అయిదు సెంటీమీటర్ల ఎత్తు వరకు పోస్తే, ముఖాకారపు గుంటతో మైనపు దిమ్మ వచ్చింది. ముక్కు దగ్గర గుంట లోతు 38 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకున్నాను. అప్పుడు అక్కడ మిగిలే గాజు 12 మిల్లీమీటర్లు మాత్రమే. చెంపల దగ్గర దాదాపు 30, ముఖం అంచుల బయట పూర్తిగా 50. మలిచేటప్పుడు మట్టిలో అందంగా కనిపించే ముఖం కన్నా, ఈ మందాల పట్టికలో అందంగా కనిపించే ముఖం కావాలి. అందుకే కనుబొమలను, పెదవుల అంచులను సహజానికి మించి తీర్చవలసి వచ్చింది. గుంటలోని చిన్న తేడాలు గాజులో వెలుగు తేడాలుగా చదవబడాలంటే అవి కనీసం నాలుగైదు మిల్లీమీటర్లయినా ఉండాలి.

మైనపు దిమ్మను గుంట పైకి ఉండేలా పలక మీద పెట్టి, అన్ని వైపులా కనీసం రెండున్నర సెంటీమీటర్ల ఎడం వదిలి పెట్టె కట్టి, అచ్చు ముద్ద పోశాను. కుమ్మరి ప్లాస్టర్ 1.4 కిలోలు, సిలికా పొడి 1.4 కిలోలు, నీళ్ళు 1.4 కిలోలు: తూకంలో మూడూ సమానం. ప్లాస్టర్ ఆకారాన్ని పట్టి ఉంచుతుంది, కాని వేడికి బలం కోల్పోతుంది. సిలికా ఆ వేడిని తట్టుకుంటుంది. పొడిని నీళ్ళలో చల్లుతూ పోసి, తడిసేదాకా కదపకుండా వదిలి, తరువాత చేత్తో గాలి చేరకుండా కలపాలి. సిలికా ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. గుడ్డ మాస్కు సరిపోదు; పీ100 వడపోత ఉన్న రెస్పిరేటర్ పెట్టుకోవాలి, పని అయ్యాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. ఈ ఒక్క విషయంలో ఎంత చాదస్తంగా ఉన్నా తప్పులేదు.

ముద్ద గట్టిపడ్డాక పెట్టెను తిరగేసి, ఆవిరితో మైనాన్ని కరిగించి తీసేశాను. ఇప్పుడు అచ్చు ఒక తొట్టిలా ఉంటుంది, దాని అడుగు నుంచి ముఖం పైకి లేచి ఉంటుంది. ఆదిలాబాద్ జిల్లాలో ఓజా కళాకారులు చేసే డోక్రా అనే లోహపు పోత పనిలోనూ మైనమే ముందు ఆకారం దాల్చి, తరువాత లోహానికి చోటిచ్చి తప్పుకుంటుంది. అయితే అక్కడ లోహం పలుచని ద్రవంగా అచ్చులోకి పరుగెత్తుతుంది. గాజు ఎంత వేడిలోనూ చిక్కగానే ఉంటుంది కాబట్టి అది నింపుకోవడానికి గంటలు ఇవ్వాలి.

గాజు ఎంత కావాలో లెక్కవేయడం సులువు. మైనాన్ని ఆవిరి పట్టక ముందే, అంచుదాకా నిండిన బకెట్టులో సన్నని సూదితో ముంచి, పొర్లిన నీటిని కొలిచాను: 720 మిల్లీలీటర్లు. ఈ గాజు సాంద్రత సుమారు 2.5 కాబట్టి 1,800 గ్రాములు కావాలి. పాత్ర గోడలకు అంటుకుపోయేదానికి, సానలో పోయేదానికి మరో 150 గ్రాములు కలిపాను. గాజును అచ్చులో నేరుగా పేర్చకుండా, అడుగున రంధ్రమున్న మట్టి పూలకుండీలో వేసి అచ్చుకు పైన ఇటుకల మీద నిలబెట్టాను. కుండీ నుంచి తీగలా జారే గాజులో చిన్న బుడగలు చాలావరకు పగిలిపోతాయి. ముక్కలు ఎంత పెద్దవైతే, ఎంత తక్కువైతే అంత మంచిది. ప్రతి రెండు ముక్కల మధ్యా ఒక సన్నని బుడగల తెర మిగులుతుంది.

వేడి చేసిన క్రమం ఇది. గంటకు 55 డిగ్రీల సెల్సియస్ చొప్పున 95 వరకు పెంచి, అచ్చులోని నీరు పోవడానికి ఆరు గంటలు ఆపాను. తిరిగి అదే వేగంతో 677 వరకు. ఈ దశలో తొందర పనికిరాదు, ఎందుకంటే ప్లాస్టర్‌లో రసాయనికంగా బంధించి ఉన్న నీరు వెళ్ళిపోవాలి, 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ రేణువులు ఉన్నట్టుండి వ్యాకోచిస్తాయి. రెండూ అచ్చును చీల్చగలవు. అక్కడ రెండు గంటలు ఆపి, ఆ పైన 830 వరకు వేగంగా తీసుకుపోయాను, మధ్యలో ఎక్కువసేపు ఉంటే గాజు ఉపరితలం మీద స్ఫటికాలు ఏర్పడి పాలపొరలా మసకబారుతుంది. 830 వద్ద మూడు గంటలు ఉంచి, రక్షణ కళ్ళద్దాలతో ఒక క్షణం తొంగిచూసి, కుండీ ఖాళీ అయిందని నిర్ధారించుకున్నాకనే చల్లార్చడం మొదలుపెట్టాను.

అసలు పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. గాజు చల్లబడేటప్పుడు పైభాగం ముందు, లోపలి భాగం తరువాత గట్టిపడితే, రెండింటి మధ్య బిగువు శాశ్వతంగా ఉండిపోతుంది. దాన్ని నివారించడానికి ఎనీలింగ్ చేస్తారు: గాజంతా ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆపి, తరువాత లోపలికీ బయటికీ తేడా రానంత నెమ్మదిగా దించుతారు. లోపలికీ బయటికీ వచ్చే తేడా మందపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందువల్ల మందం రెట్టింపైతే చల్లార్చే వేగం నాలుగో వంతుకు తగ్గాలి. నేను వాడే బుల్‌స్ఐ గాజుకు తయారీదారు ఇచ్చిన పట్టిక ప్రకారం, 25 మిల్లీమీటర్ల పలకను 482 డిగ్రీల వద్ద నాలుగు గంటలు ఆపి, 427 వరకు గంటకు 15 డిగ్రీల చొప్పున దించితే చాలు, మొత్తం సుమారు 14 గంటలు. 50 మిల్లీమీటర్లకు ఎనిమిది గంటలు ఆపి గంటకు 3.8 డిగ్రీలే దించాలి, మొత్తం దాదాపు 47 గంటలు.

కాని ఆ పట్టిక రెండు వైపులా సమానంగా చల్లబడే, అంతటా ఒకే మందమున్న పలకకు ఉద్దేశించినది. నా దిమ్మ 12 నుంచి 50 మిల్లీమీటర్ల వరకు మారుతుంది, అడుగు అచ్చులో కప్పి ఉంది, పైభాగం తెరిచి ఉంది. కాబట్టి 75 మిల్లీమీటర్ల వరుసను ఎంచుకున్నాను: 482 వద్ద 12 గంటలు, 427 వరకు గంటకు 1.7, 371 వరకు 3.1, ఆపైన గంటకు 10 డిగ్రీలు. ఇది నాలుగు రోజులు నడుస్తుంది. ఇది అతిజాగ్రత్త అనిపించినవారికి పాలొమార్ దూరదర్శిని అద్దం కథ చెప్పాలి. 1934 డిసెంబరులో కార్నింగ్‌లో పోసిన ఆ 200 అంగుళాల గాజు బిళ్ళను పది నెలలపాటు చల్లార్చారు. నవంబరు గాలివానలకు మా ప్రాంతంలో కరెంటు పోవడం మామూలే కనుక, మందమైన పోతలను ఆ నెలలో పెట్టుకోవడం లేదు. ఎనీలింగ్ మధ్యలో కరెంటు పోతే మూత తెరవకూడదు. కరెంటు వచ్చాక మళ్ళీ 482కు నెమ్మదిగా తీసుకువెళ్ళి ఆ దశను మొదటి నుంచి చేయాలి.

అచ్చును కొలిమి నుంచి గది ఉష్ణోగ్రతకు వచ్చాకే తీశాను. వేడికి బలహీనపడిన ప్లాస్టర్ చెక్క పుల్లతోనే రాలిపోతుంది. బిగువు పరీక్షకు పాత ఎల్‌సీడీ తెరను తెల్లని పేజీతో వెలిగించి, దాని ముందు గాజును పెట్టి, కెమెరా పోలరైజింగ్ ఫిల్టరును తెర నల్లబడేదాకా తిప్పి చూశాను. బిగువు ఉంటే ఆ నలుపులో తెల్లని మచ్చలు వెలుగుతాయి. ముక్కు చుట్టూ, నాలుగు మూలల్లో జాగ్రత్తగా వెతికాను. అంతటా సమానమైన నలుపే కనిపించింది.

సాన పట్టడం చాలా సమయం తీసుకుంది. మందపాటి అద్దం పలక మీద నీళ్ళతో సిలికాన్ కార్బైడ్ పొడి చల్లి, ముందు తలాన్ని 80 నంబరుతో మొదలుపెట్టి 120, 220, 400, 600 వరకు రుద్దాను. ప్రతి మార్పుకూ ముందు గాజును, పలకను, చేతులను పూర్తిగా కడగాలి. ముతక పొడి రేణువు ఒక్కటి మిగిలినా తరువాతి దశ మొత్తం గీతలమయం అవుతుంది. ఆపైన ప్యూమిస్, చివరికి సీరియం ఆక్సైడు అనే మెరుగు పొడులు. వెనకవైపు గుంటకు మెరుగు పెట్టకుండా, అచ్చు నుంచి వచ్చిన మసక ఉపరితలాన్నే ఉంచాను, ఎందుకంటే ఆ మసకతనం వెలుగును చెదరగొట్టి ముఖాన్ని కనబడేలా చేస్తుంది. గుంట కూడా నునుపుగా ఉంటే చూపు నేరుగా దాటిపోతుంది.

ఫలితం గురించి సంతోషంగా చెప్పగలను. ముందు నుంచి చూస్తే గుంట గుంటగా కనబడదు, ముఖం మన వైపుకే ఉబ్బి ఉన్నట్టు తోస్తుంది. పక్కకు నడిస్తే అది మనతోపాటు తిరుగుతున్నట్టుంటుంది. ముక్కు, నుదురు వెలుగుతాయి, చెంపల నుంచి బూడిద రంగు చిక్కబడుతూ అంచుల దగ్గర చీకటవుతుంది. ఎడమ కంటి దగ్గర ఒక సన్నని బుడగల తెర ఉంది. దాన్ని తీసేయాలని నాకు అనిపించడం లేదు. పెదవుల మధ్య గీత మాత్రం నేను కోరుకున్నంత చదవబడడం లేదు, అక్కడ మందం తేడా రెండు మిల్లీమీటర్లే వచ్చింది.

తరువాతి పోతకు ఆలోచిస్తున్నది మరో రకమైన లోపలి ఖాళీ. కారెన్ లామాంట్ అనే అమెరికన్ శిల్పి 1999లో ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనం సహాయంతో చెక్ దేశానికి వెళ్ళి, అక్కడి పోత కార్యశాలల్లో నిలువెత్తు గాజు దుస్తులు చేయడం మొదలుపెట్టారు. ఆ దుస్తుల్లో మనిషి ఉండదు, ఒంటి ఆకారం మాత్రం గాజు లోపలి గోడ మీద అచ్చుపడి ఉంటుంది. బట్ట మడతలు బయట, శరీరం లోపల: రెండు ఉపరితలాలూ ఒకదాని గుండా ఒకటి కనబడతాయి. నా కొలిమిలో పట్టేంత చిన్న పరిమాణంలో, ముందు తలం మీద చీర కుచ్చెళ్ళ మడతలు, వెనక గుంటలో భుజం ఉండేలా ఒక దిమ్మకు మట్టి నమూనా మొదలుపెట్టాను. రెండు వైపులా ఆకారం ఉంటుంది కనుక తొట్టి అచ్చు సరిపోదు, మూసిన అచ్చు, గాజు దిగడానికి దారి, గాలి పోవడానికి సన్నని గొట్టాలు కావాలి. కుచ్చెళ్ళ మధ్య మందం తేడా ఆరు మిల్లీమీటర్లకు తగ్గకుండా గీతలు కొలిచి పెట్టాను. మైనం పోయడం వచ్చే నెలలో.