బ్యాటరీకి మంట అంటుకోనియ్యండి

కంప్యూటర్ల సర్క్యూట్ సిమ్యులేషన్ (తెర మీద నడిచే నకలు ల్యాబు) తెరవగానే పిల్లలు చేసే మొదటి పని, బ్యాటరీ రెండు కొసలను ఒకే వైరుతో కలిపి మంట రేపుడు. చెయ్యనియ్యండి. నిజం ల్యాబుల ఈ పని చెయ్యనియ్యలేం గనుకనే ఇది ఉన్నది.

కొలరాడో యూనివర్సిటీల భౌతికశాస్త్రవేత్త కార్ల్ వైమన్ 2002ల మొదలుపెట్టిన ఫెట్ (PhET) సిమ్యులేషన్లల్ల దారి చూపుడు లేక కాదు, కనబడకుంట ఉంటది. బ్యాటరీ 9 ఓల్టులు, బల్బు 10 ఓములు అని ముందే పెట్టి ఉంటది. వైరు కొసలు దగ్గరికి తెస్తే వాటంతట అవే అతుక్కుంటయి. రీసెట్ ఉన్నది గనుక ఖరాబు చేస్తమన్న భయం లేదు. దాని మీద మనం పద్నాలుగు మెట్ల వర్క్‌షీటు పెడితే పిల్లలు తెర చూసుడు బంద్ చేసి షీటు నింపుతరు. శ్రేణిల (ఒకదాని వెనక ఒకటి) కలిపిన రెండు బల్బులకు 0.45 ఆంపియర్లు అని రాస్తరు, ఎందుకని అడిగితే చెప్పలేరు.

మొదటి ఏడు నిమిషాలు ఏమీ చెప్పొద్దు. తర్వాత ఒక్కటే ప్రశ్న, మౌస్ ముట్టకముందే జవాబు నోటుబుక్కుల రాయాలె: వెలిగే బల్బుకు సమాంతరంగా (అదే బ్యాటరీకి వేరే దారిన) ఇంకోటి కలిపితే మొదటిది మసకబారుతదా? దేవరకొండ, కల్వకుర్తి దిక్కు బోర్ల కింద సాగు చేసే ఇండ్ల పిల్లలు చానామంది "అవును" అంటరు. మోటరు వేస్తే ఇంట్ల లైటు డల్ అయ్యేది చూసినోళ్లు మరి. తెర మీద మాత్రం ఒక్కో బల్బుకు 0.9 ఆంపియర్లే, వెలుగు తగ్గదు.

ఇక్కడ "మీరు తప్పు" అని పాఠం ముగిస్తే అన్యాయం. సిమ్యులేషన్ల ఉన్న "ల్యాబ్" తెరల అడ్వాన్స్‌డ్ తెరిచి స్లైడరుతో బ్యాటరీ లోపలి నిరోధం 2 ఓములు పెట్టమనండి. ఒక బల్బుకు 0.75 ఆంపియర్లు, రెండైతే ఒక్కోదానికి 0.64, మూడైతే 0.56. ఇప్పుడు మసకబారింది. ఈ స్లైడరు మొదట్నే చూపిస్తే అది ఇంకో ఆటవస్తువే. ప్రశ్న పుట్టినంక చూపిస్తే జవాబు. 2018 జనవరిల తెలంగాణల సాగుకు 24 గంటల కరెంటు రాకముందు, కరెంటు రాంగనే ఆటో స్టార్టర్లతో ఊరి మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలిపోయేదో ఇంట్ల అడిగి రమ్మనొచ్చు.

అయితే బల్బు, మోటరు ఒకటి కావు. ఓల్టేజి పడితే బల్బు తక్కువ కరెంటు తీసుకుంటది. లోడు మీదున్న మోటరు ఎక్కువ లాగి వేడెక్కుతది. ఈ సిమ్యులేషన్ల ఆ సంగతి లేదు, సారే చెప్పాలె.

కొన్ని విషయాలు వెతికితే దొరకవు. తెర మీద కదిలేవి ఎలక్ట్రాన్లు, పుస్తకంల కరెంటు దిశ దానికి ఉల్టా. అది మనుషులు పెట్టుకున్న ఒప్పందం, తవ్వితే బయటపడేది కాదు. నేరుగా చెప్పి, కన్వెన్షనల్ అన్న గుర్తు పెట్టించండి. అమ్మీటరును ఓల్ట్‌మీటరు లెక్క బల్బుకు అడ్డంగా కలిపి మంట తెచ్చుకుంటే మాత్రం చెప్పొద్దు. "కరెంటు ఏ దారిన పోయింది?" అని అడిగి రెండు నిమిషాలు ఆగండి.

ఒక కంప్యూటరుకు ముగ్గురు మించొద్దు. మౌస్ పట్టినోడు కాదు, పక్కనోడు చెప్పాలె ఏం చెయ్యాల్నో; ఐదు నిమిషాలకు చేతులు మారాలె. ఫైలు ముందురోజే దింపి పెట్టుకుంటే నెట్ లేకున్నా బ్రౌజర్ల నడుస్తది.