డబ్బానే లేకపోతే

రాత్రి రెండుంబావుకి ఫోన్ మోగితే ముందు అమ్మ గుర్తొస్తుంది. స్క్రీన్ మీద ఆఫీసు నంబరు చూసి హమ్మయ్య అనుకుంటాను. ఆ వెంటనే, ఇందులో హమ్మయ్య ఏముందిరా అని నన్ను నేనే తిట్టుకుంటూ లాప్‌టాప్ తెరుస్తాను. డల్లాస్‌లో ఆన్‌కాల్ వారం, అంటే ఏ వేళ పిలిచినా పలకాల్సిన వారం, ఇలాగే ఉంటుంది.

నేను పనిచేసేది ఒక ఆరోగ్య బీమా కంపెనీకి. కొత్తగా చేరినవాళ్లకు కార్డులన్నీ ఒకేసారి తయారుచేసే ప్రోగ్రాం, మా భాషలో బ్యాచ్ జాబు, ఆ జనవరి రాత్రి ఆగిపోయింది. ప్రోగ్రాం తన సంగతులు రాసుకునే లాగ్‌లో నల్ పాయింటర్ ఎక్సెప్షన్, 214వ లైను. అంటే ఆ లైనులో ఏదో నల్, లేనిదాన్ని ఉందనుకుని పట్టుకోబోయి ప్రోగ్రాం కూలిపోయింది. అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఆ లైను చేసే పని చిన్నదే: మెంబర్‌ని అడిగి పేరు తీసుకోవడం, పేరులోంచి మిడిల్ నేమ్ తీసుకోవడం, దానికి అక్షరాలెన్నో చూడడం. కోడులో ఒక్కో అడుగుకీ ఒక్కో చుక్క. ఒకే వరుసలో మూడు చుక్కలు, ముగ్గురు అనుమానితులు. మేం కోడు రాసే జావా భాషలో, 2020 మార్చిలో వచ్చిన 14వ వెర్షన్ నుంచి ఏది నల్ అయిందో చెప్పే మెసేజ్ ఉంది. మా కోడు ఇంకా జావా 8 మీదే నడుస్తోంది. పాత బీమా కంపెనీల్లో వెర్షన్ మార్చడమంటే ముహూర్తం కుదరాలి.

హైదరాబాద్‌లో అప్పుడు మధ్యాహ్నం పావు తక్కువ రెండు. మా టీమ్ తమ్ముడు అప్పుడే భోజనం చేసి వచ్చాడు.

"అన్నా, నల్ అయితే అని ఒక ఇఫ్ షరతు పెట్టి దాటించేద్దామా?"

"ఏది నల్లో తెలిసిందా?"

"తెలీదన్నా. మూడింటికీ పెట్టేద్దాం. నల్ అయితే ఆ మెంబర్‌ని వదిలేసి తర్వాతివాళ్లకి వెళ్లిపోతుంది."

సరే కానీయమన్నాను. మూడున్నరకల్లా జాబు పచ్చగా పూర్తయింది. నేను ముసుగుతన్ని పడుకున్నాను.

తప్పు నాదే. పగిలినచోట అతుకు వేశాం తప్ప ఎందుకు పగిలిందో చూడలేదు. మర్నాడు మందుల షాపు దగ్గర్నుంచి ఒకాయన కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాడు. ఇన్సూరెన్స్ ఉందంటున్నారు, కార్డేది అని. అలా ఒకరి తర్వాత ఒకరు. వదిలేసినవాళ్లందరూ ఒకే కంపెనీ ఉద్యోగులు. నల్‌కి భయపడి జాబు ఆగినప్పుడు కనీసం నన్ను నిద్రలేపింది. మేం పెట్టిన ఇఫ్ ఎవరినీ లేపలేదు.

అప్పుడు కూర్చుని ఆ లైనుని మూడు లైన్లుగా విడగొట్టాను. పది నిమిషాల పని. మిడిల్ నేమ్ నల్. మరి మనవాళ్లలో మిడిల్ నేమ్ లేనివాళ్లు వేలమంది ఉన్నారు కదా, ఇన్నాళ్లూ ఎలా నడిచింది? తమ ఉద్యోగుల వివరాలు మాకు పంపే పాత కంపెనీల ఫైళ్లలో ఆ గడి ఖాళీగా వచ్చేది. ఈ కొత్త కంపెనీ ఫైల్లో అసలు గడే లేదు. అక్షరాల వరుసని మేం స్ట్రింగ్ అంటాం. ఖాళీ స్ట్రింగ్ అంటే డబ్బా ఉంది, అందులో అన్నం లేదు. మూత తీసి చూసి లేదనొచ్చు. నల్ అంటే డబ్బానే లేదు, మూత ఎక్కడ తీస్తావు? ఖాళీగా ఉందేమో చూద్దామని రాసిన లైనే కూలిపోయింది.

మా లీడ్ గుంటూరాయన, నా ఇఫ్‌లు చూసి కోప్పడలేదు. "ఇన్ని గదుల్లో ఇంతమంది కాపలా ఎందుకయ్యా, గుమ్మం దగ్గర ఒకణ్ని పెట్టు" అన్నారు. ఫైలు చదివేచోటే తేల్చేశాం. మిడిల్ నేమ్ లేకపోవచ్చు, కాబట్టి అక్కడే ఖాళీ స్ట్రింగ్‌గా మార్చడం. మెంబర్ నంబరు లేకపోతే మాత్రం ఆ వరుసని అక్కడే ఆపి, పంపినవాళ్లకి తిప్పికొట్టడం. లేకపోయినా ఫరవాలేనిదేదో, లేకపోతే కుదరనిదేదో ముందే విడదీస్తే లోపల సగం ఇఫ్‌లు వాటంతటవే పోయాయి.

ఈ నల్‌ని 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే ప్రోగ్రామింగ్ భాషలో పెట్టింది బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్. పెట్టడం సులువుగా ఉందని పెట్టేశానని, అది తన బిలియన్ డాలర్ల తప్పని 2009లో లండన్‌లో ఒక సభలో ఆయనే ఒప్పుకున్నారు. నాకైతే ఆయన మీద అంత కోపం లేదు. నల్ కన్నా ఘోరమైనది మా ఇంట్లోనే ఉంది.

మా ఆవిడ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పెళ్లికి ముందు తీసుకున్నది, అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. అమెరికా వీసా మీద ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి జరిగింది, అసలు పేరు ఉండాల్సినచోట ఎఫ్ఎన్‌యూ వచ్చి కూర్చుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. డ్రైవింగ్ లైసెన్సూ అలాగే వచ్చింది, ఇన్సూరెన్స్ కార్డూ అలాగే. మా కోడులో ఏ నల్ చెక్‌కీ అది దొరకదు. మూడక్షరాలున్నాయి, డబ్బా నిండుగానే ఉంది మరి.

మొన్న జ్వరం మందులకి వెళ్లాం. డల్లాస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో సాయంత్రం పూట ఆ షాపు నిండా మనవాళ్లే. కౌంటర్లో అమ్మాయి స్క్రీన్ చూసి, కాస్త తడుముకుని "ఫ్నూ?" అని పిలిచింది. మా ఆవిడతో పాటు ఇంకో ఇద్దరు లేచారు.

ఆ అమ్మాయి ముగ్గుర్నీ చూసి, పుట్టిన తేదీ చెప్పమంది.