వంద డాలర్ల ఎమ్మెల్యే

వాషింగ్టన్ గురించి రాయమంటే నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. మూడు రోజులు తిరిగాం, మోకాళ్ళు వాచాయి. అమెరికా పార్లమెంటు ఉండే కాపిటల్ భవనం దగ్గర బెల్టు విప్పించారు, సీసాలో మంచినీళ్ళు పారబోయించారు, ఒక చిన్న సినిమా చూపించారు, గుమ్మటం కింద నిలబెట్టి తల పైకెత్తమన్నారు, బయటికి పంపేశారు. సభ జరిగే హాలు చూడాలంటే వేరే పాసు కావాలట. ఇన్ని వేల రూపాయలు పోసి వచ్చి చట్టం చేసే మనిషిని ఒక్కణ్ణీ చూడలేదని దారంతా సణుగుతుంటే మా అమ్మాయికి విసుగొచ్చింది.

"చట్టాలు చేసేవాళ్ళే కావాలంటే మన కాంకర్డ్ తీసుకెళ్తాలే నాన్నా. అక్కడ ఎటు చూసినా వాళ్ళే" అంది.

అమ్మాయీ అల్లుడూ ఉండేది న్యూ హాంప్‌షైర్‌లో, నాషువాలో. కాంకర్డ్ ఆ రాష్ట్ర రాజధాని, కారులో ముప్పావు గంట. 2019 ఏప్రిల్ మొదటి వారం అది. రోడ్ల పక్కన మురికి మంచు కుప్పలు ఇంకా కరగలేదు. మన దగ్గరేమో ఎండలూ ఎన్నికలూ. 11న పోలింగు. నా ఓటు అద్దంకి దగ్గర మా ఊళ్ళో ఉంది, నేను ఇక్కడ స్వెట్టరు మీద కోటేసుకుని కూర్చున్నాను. ఫోను తెరిస్తే చాలు, ప్రచారం వీడియోలే.

దారిలో ప్రతి కారు నంబరు ప్లేటు మీదా ఒక మాట కనపడింది. స్వేచ్ఛగా బతుకు, లేదంటే చావు అని దాని అర్థం. ఆ ప్లేట్లు తయారుచేసేది కాంకర్డ్ జైల్లో ఖైదీలని అమ్మాయి చెబితే నవ్వాగలేదు. జార్జ్ మేనార్డ్ అనే ఆయన ఆ మాట తన మతానికి నప్పదని ప్లేటు మీద కప్పేస్తే 15 రోజులు జైల్లో పెట్టారట. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1977లో గెలిచాడు. స్వేచ్ఛగా ఉండమన్న మాటను మొయ్యనంటే జైలు! మన ఆఫీసుల్లో కూడా ఇలాంటివి చూశాను కానీ ఇంత ముచ్చటైనది చూడలేదు.

స్టేట్ హౌస్ రాతి కట్టడం, పైన బంగారు గుమ్మటం. మన జిల్లా కలెక్టరేటు కంటే మరీ పెద్దదనిపించలేదు. 1819 నుంచీ అవే హాళ్ళలో సభలు జరుగుతున్నాయట. గుమ్మం దగ్గర అలవాటుగా బెల్టు మీద చెయ్యి వేశాను. అడిగేవాడే లేడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాం. సభ్యులు సభలోకి తుపాకులు తెచ్చుకోకూడదని ఆ జనవరిలోనే నియమం పెట్టారని తర్వాత తెలిసింది. అంటే అంతకుముందు తెచ్చుకోవచ్చన్నమాట. ఆ సంగతి లోపలికి వెళ్ళకముందు తెలియకపోవడమే మంచిదయింది.

పాత యుద్ధాల జెండాలు అద్దాల వెనక పెట్టిన హాలు దాటాక, అమ్మాయి ఫోను వచ్చిందని పక్కకెళ్ళింది. నేను నడవాలో బల్ల మీద కూర్చున్నాను. ఉన్ని టోపీ, మోచేతుల దగ్గర అరిగిన కోటు, చేతిలో ఫ్లాస్కుతో ఒక పెద్దాయన వచ్చి, కొంచెం జరుగుతారా అని నా పక్కన కూర్చున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. చెప్పాను. అటెండరో, వాచ్‌మనో అయి ఉంటాడనుకుని మీ డ్యూటీ ఇక్కడేనా అని అడిగాను.

"అలాగే అనుకోండి" అన్నాడు నవ్వుతూ. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడట. ఇప్పుడు ప్రతినిధుల సభలో సభ్యుడు.

అంటే ఎమ్మెల్యే. నేను లేచి నిలబడ్డాను. నిజంగానే లేచాను, ముప్పై ఏళ్ళ ఉద్యోగం అలవాటు. పంచాయతీ కార్యదర్శిగా చేరి, మండలంలో పంచాయతీల పని చూసే ఈవోపీఆర్డీగా రిటైరైనవాణ్ణి. ఎమ్మెల్యే పక్కన కూర్చోవడం నా సర్వీసులో జరగలేదు. ఆయనకు నేనెందుకు లేచానో అర్థం కాలేదు, నడుం నొప్పా అని అడిగాడు.

జీతం ఎంతని అడక్కుండా ఉండలేకపోయాను. వంద డాలర్లు అన్నాడు. రోజుకా అన్నాను. ఏడాదికి. రెండేళ్ళ పదవికి 200 డాలర్లని 1889లో రాజ్యాంగంలో రాసుకున్నారు, ఇప్పటిదాకా మార్చలేదు. అప్పటి మన లెక్కలో ఏడాదికి ఏడు వేల రూపాయలు. కారు ప్రయాణానికి మైలుకింత అని ఇస్తారు. ఆఫీసు లేదు, పీఏ లేడు. ఇంటి ఫోన్ నంబరే అందరి దగ్గరా ఉంటుంది.

ఇలాంటివాళ్ళు 400 మంది ఉన్నారు. అమెరికాలో ఏ రాష్ట్రానికీ ఇంత పెద్ద సభ లేదు. రాష్ట్ర జనాభా చూస్తే పదమూడున్నర లక్షలు, మన వైజాగంత కూడా ఉండదు. ఒక్కో సభ్యుడికి మూడు వేల నాలుగు వందల మంది లెక్క. నేను మొదట పనిచేసిన పంచాయతీ అంతకంటే పెద్దది!

మీకెంతమంది అని ఆయన అడిగాడు. ఐదు కోట్ల మందికి 175 అని చెప్పాను. కాసేపు ఏదో లెక్కేసుకున్నాడు.

"మరి జనాన్ని ఎప్పుడు కలుస్తారు?"

"వాళ్ళు కలవరు, మేమే వెళ్తాం. తెల్లవారుజామునే వెళ్ళి గేటు దగ్గర నిలబడాలి."

ఆయనకిది జోకులా వినపడింది. నేను సరిదిద్దలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆయన్ను చూసి ముచ్చటపడ్డాను కానీ పూర్తిగా కరిగిపోలేదు. ఏడాదికి వంద డాలర్లకు ఎవరు పనిచేయగలరు? పెన్షన్ వచ్చేవాళ్ళు, ఆస్తిపాస్తులున్నవాళ్ళు. పిల్లల ఫీజులు కట్టుకునే మనిషి ఉద్యోగం వదులుకుని జనవరి నుంచి జూన్ దాకా ఇక్కడికి ఎలా వస్తాడు? అదే అడిగాను. అవును, కుర్రవాళ్ళు ఒకసారి గెలిచి మళ్ళీ నిలబడరు అని ఒప్పుకున్నాడు. నడవాలో అటూ ఇటూ తిరుగుతున్న తలలు చూశాను. సగానికి పైగా తెల్లవి. నాలాంటి పెన్షనర్ల రాజ్యం అనుకున్నాను. జీతాలు పెంచితే దోచుకుంటారని భయం, పెంచకపోతే పేదవాడు రాలేడు. ఏది నయమో నేను తేల్చలేను.

గవర్నరు సంగతి మాత్రం నాకు బాగా నచ్చింది. ఆయనకూ రెండేళ్ళే పదవి. పైగా జడ్జీని వేయాలన్నా, పెద్ద కాంట్రాక్టు ఇవ్వాలన్నా ఐదుగురు సభ్యుల మండలి ఒప్పుకోవాలి. ఆ ఐదుగురినీ ఆయన వేసుకోడు, జనమే ఎన్నుకుంటారు. ఫైలు మీద ఒక్క సంతకంతో కొంపలు మునగడం చూసినవాణ్ణి కాబట్టి ఆ మండలి ఎవరి ఆలోచనో గానీ దణ్ణం పెట్టాలనిపించింది.

పెద్దాయన గర్వంగా ఇంకోటి చెప్పాడు. 1776 జనవరిలోనే, స్వాతంత్ర్య ప్రకటనకు ఆరు నెలల ముందే, వీళ్ళు సొంత రాజ్యాంగం రాసుకున్నారు. అమెరికా రాజ్యాంగం అమలుకు రావాలంటే 13 రాష్ట్రాల్లో 9 ఒప్పుకోవాలి. ఆ తొమ్మిదోది ఇదే. 1788 జూన్ 21న ఈ ఊళ్ళోనే ఓటింగు జరిగితే అవునన్నవాళ్ళు 57, కాదన్నవాళ్ళు 47. అందుకే వీళ్ళ మాటల్లో రాష్ట్రం ముందు, దేశం తర్వాత. రాష్ట్రాన్ని విడగొట్టాలంటే ఆ రాష్ట్ర సభ ఒప్పుకుని తీరాలని అమెరికా రాజ్యాంగంలోనే ఉంది.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. 2014 జనవరిలో మన అసెంబ్లీ విభజన బిల్లును తిప్పికొట్టింది, ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసింది. మన రాజ్యాంగంలో అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాలని లేదు. ఈ పద్ధతి మనకుంటే తెలంగాణ వచ్చేదే కాదు, అదీ నిజమే. హైదరాబాదులో ఉన్న మా వియ్యంకుడు ఇది చదివితే ఫోన్ చేసి మరీ పోట్లాడతాడు. పెద్దాయనకు ఇదంతా చెప్పడానికి నా ఇంగ్లీషు చాల్లేదు.

కమిటీ విచారణ ఉంది, వస్తారా అని వెనక వీధి భవనానికి తీసుకెళ్ళాడు. ప్రతి బిల్లు మీదా జనం మాట వినాల్సిందేనట. గదిలో సభ్యులు గుర్రపునాడా ఆకారంలో కూర్చున్నారు. ఏదో చెరువుల ఒడ్డున ఇళ్ళ సంగతి, నాకు పూర్తిగా అర్థం కాలేదు. మాట్లాడదలిస్తే గులాబీ రంగు కార్డు నింపివ్వాలి. పెద్దాయన నాకూ ఒకటిచ్చాడు. గుండె దడదడలాడింది. ఒకావిడ కార్డు నింపి వెళ్ళి పది నిమిషాలు తన బావి నీళ్ళ గురించి చెప్పింది. ఒక సభ్యుడు కునుకు తీస్తున్నాడు. మిగతావాళ్ళు రాసుకుంటున్నారు, మధ్యమధ్య ప్రశ్నలడుగుతున్నారు.

నాకు మా గ్రామసభలు గుర్తొచ్చాయి. సభ జరిగినట్టు తీర్మానాల పుస్తకంలో ముందే రాసేసి, నౌకరుకిచ్చి ఇంటింటికీ పంపి సంతకాలూ వేలిముద్రలూ వేయించిన రోజులున్నాయి. ఎన్నని లెక్క చెప్పను. ఒకసారి ఒక ముసలమ్మ వేలిముద్ర వేస్తూ, సభ ఎప్పుడు బాబూ, నాకు బోరు సంగతి చెప్పాలని ఉంది అని అడిగిందట. నౌకరు వచ్చి నవ్వుతూ చెప్పాడు, నేనూ నవ్వాను. ఇక్కడ ఈవిడ బావి గురించి మాట్లాడుతుంటే నాకు ఆ వేలిముద్రే కళ్ళ ముందు కదిలింది. కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాను.

బయటికొచ్చాక మెయిన్ స్ట్రీట్‌లో ఒక హోటల్లో సూప్ తాగాం. గిన్నెడు సూపు, పక్కన రెండు బిస్కెట్లు, ఐదు వందల రూపాయలు! పెద్దాయన కూడా మాతోనే వచ్చి, ఎవరి బిల్లు వారిదే అని తన డబ్బు తను పెట్టేశాడు. వెళ్ళేటప్పుడు తన పాత ట్రక్కు నంబరు ప్లేటు చూపించాడు. సభలో తన సీటు నంబరే దాని మీద ఉంది. సైరన్ లేదు, ముందూ వెనకా బండ్లూ లేవు. రివర్స్ చేస్తూ మంచు కుప్పకు గుద్దుకున్నాడు, చెయ్యూపి వెళ్ళిపోయాడు.

11వ తేదీన మా తమ్ముడు సిరా వేలు ఫోటో పంపి ఫోన్ చేశాడు. క్యూలో మూడు గంటలు నిలబడ్డానన్నయ్యా అన్నాడు. నువ్వేం చూశావక్కడ అంటే, ఒక ఎమ్మెల్యేతో కలిసి సూప్ తాగానని చెప్పాను. నమ్మలేదు. కాసేపాగి అడిగాడు.

"ఏ పార్టీ?"

నేను అడగనే లేదు.