బాలబంద తీగను గింజతో మొలిపించడం: నా అనుభవం

మన సముద్రతీరంలో అలల తడి దాటాక ఇసుక మీద పాకే బాలబంద (ఐపోమియా పెస్-కాప్రే) తీగను నాటడం తేలికే. మూడు నాలుగు కణుపులున్న ముక్క కోసి, పాలు కారడం ఆగాక, రెండు కణుపులు తడి ఇసుకలో పూడిస్తే వేళ్లు దిగుతాయి. కానీ ఒకే తీగ ముక్కలు ఎన్ని నాటినా కాయలు సరిగా పట్టవు. ఈ జాతి పువ్వుకు వేరే మొక్క పుప్పొడి అందాలి. అందుకే నేను గింజలకే మొగ్గు చూపుతాను.

కాయ గోధుమరంగుకు తిరిగి ఎండాకే కోస్తాను. లోపల సాధారణంగా నాలుగు గింజలు, ఒళ్లంతా గోధుమరంగు నూగు. గుండ్రటి చిన్న రంధ్రం కనిపిస్తే అది పురుగు తిన్న గింజ, పారేయాలి. నీళ్లలో తేలినవి తాలు అనే లెక్క మాత్రం ఇక్కడ పనికిరాదు. ఈ గింజ సముద్రం మీద కొట్టుకుపోయి వేరే తీరం చేరేది. మంచి గింజ కూడా తేలుతుంది.

అసలు కష్టమంతా పెంకుతోనే. నీరు లోపలికి పోనివ్వదు, అలాగే విత్తితే నెలలు గడిచినా కదలదు. కాయకు అతుక్కున్న మచ్చ వైపు మొలక మొన ఉంటుంది కాబట్టి అటు ముట్టుకోను. ఎదుటి వైపు గరుకు కాగితంతో రుద్ది, నల్ల పెంకు కింద లేతరంగు కనబడగానే ఆపేస్తాను. రాత్రంతా మంచినీళ్లలో నానబెడితే తెల్లారేసరికి ఉబ్బుతుంది. ఉబ్బకపోతే పెంకు ఇంకా తెగలేదన్నమాట, మళ్లీ రుద్దాలి. ఉప్పునీళ్లు వద్దు, మొలకను అణిచేస్తాయి.

ఉబ్బినవాటిని లోతైన సంచుల్లో, ఇసుకలో 1–2 సెంటీమీటర్ల లోతున పెడతాను. తల్లివేరు వేగంగా దిగుతుంది, అది తెగితే మొక్క వాడిపోతుంది. నీరు నిలిస్తే కుళ్లుతుంది.

ముందు వచ్చే బీజదళాలు రెండుగా లోతుగా చీలి ఉంటాయి. తర్వాతి ఆకులు దళసరిగా, కొన నొక్కుకుపోయి మేకగిట్టలా ఉంటాయి. ఆకును తిప్పి కాడ కలిసే చోట చూడండి: రెండు చిన్న గ్రంథులుంటాయి. వాటి తేనె కోసం చీమలు మూగుతాయి, మందు కొట్టాల్సిన పని లేదు.

తీరంలో నాటేది వానలు పడ్డాకే, పోటు నీరు చేరని ఎత్తులో. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, పిల్లలు మే దాకా బయటికొస్తుంటాయి. ఆ నెలల్లో అక్కడ గుంతలు తవ్వను.